ఏడు ముళ్ళ గంజి పోగు

నాగరాజును చంపడానికి వాళ్ళకు నాలుగు సెకన్లు పట్టింది.

సోమవారం పొద్దున పది దాటింది. లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద అతని బైకు వెనక నంబర్ ప్లేట్ లేని బొగ్గు టిప్పర్ ఒకటి వచ్చింది. హారన్ కొట్టలేదు, బ్రేకు వేయలేదు. గుద్దాక మాత్రం ఆగింది. డ్రైవర్ దిగి, రోడ్డు పక్కన పడ్డవాడి నాడి చూశాడు. సాయం చేద్దామని కాదు, పని పూర్తయిందో లేదో చూసుకుందామని. అయిందని తేలాక భుజానికున్న లాప్‌టాప్ బ్యాగ్ తెంపుకుని వెళ్ళిపోయాడు. పత్తిచేలో ఉన్న ఇద్దరు కూలీ ఆడవాళ్ళు ఇదంతా చూశారు. అయినా స్టేషన్‌లో దాన్ని యాక్సిడెంట్ అనే రాసుకున్నారు. అలా రాసుకోవడం సులువు మరి.

హైదరాబాద్‌లో ఒక పాత బిల్డింగ్ మూడో అంతస్తులో మాత్రం అలా రాసుకోలేదు. సర్కారు నిఘా ఏజెన్సీ ఉండే ఆ అంతస్తుకు బోర్డు ఉండదు. అక్కడి డెస్క్ చీఫ్ శ్రీహరి ముప్పై ఏళ్ళ సర్వీసులో నవ్వినట్టు ఎక్కడా రికార్డు లేదు. మంగళవారం పొద్దున్నే అతని ఎదుట ఏజెంట్ మోయిజ్ కూర్చున్నాడు. ఆదిలాబాద్‌లో లారీ మెకానిక్ కొడుకు. తెలుగు, దక్కనీ, మరాఠీ మూడూ మాట్లాడతాడు. ఏ మోటారునైనా విప్పి మళ్ళీ బిగిస్తాడు.

"పేరు నాగరాజు. ముప్పై ఒక్క ఏండ్లు. సిరిసిల్ల నేతోళ్ళ పిల్లగాడు, కెమిస్ట్రీ చదివిండు" అన్నాడు శ్రీహరి. "లక్సెట్టిపేటల చిన్న యూనిట్ పెట్టిండు. పత్తి ఏరినంక మీ దిక్కు కట్టెను ఏం చేస్తరు?"

"చేన్లనే కాలవెడ్తరు సార్. ఊరంత పొగ."

"ఆ కట్టెను గుజ్జు చేసి, గంజి కలిపి, వేడి ప్రెస్సుల ఒత్తి ప్లేట్లు చేసిండు. ప్లాస్టిక్ లెక్కనే ఉంటయి. పారేస్తే నెల రోజులల్ల మట్టి అయితయి."

"గా పత్తికట్టెకు మనిషిని చంపిన్రా?"

"పత్తికట్టె కోసం కాదు. ప్లాస్టిక్ కోసం." శ్రీహరి ఒక ఫైల్ ముందుకు తోశాడు. మీద ఒకటే మాట ఉంది: హెరాన్. "ఫారిన్ రింగ్, దొంగ ముఠా. ప్లాస్టిక్ ముడిసరుకు అమ్మే పెద్దమనుషులు నడుపుతున్నరు. ఎవడన్న కొత్తది కనిపెడితే ఫార్ములా ఎత్తుకపోతరు."

"తయారు చేసుకునెతందుకా?"

"కాదు. బొంద పెట్టెతందుకు."

శ్రీహరి మాట తొందరగా ముగించే మనిషి. వచ్చే సోమవారం పదకొండు గంటలకు లక్సెట్టిపేట యూనిట్‌లోనే సర్కారు టెస్ట్ ఉంది. ఆ పొద్దున చేసిన ప్లేటులో మసిలే పప్పుచారు పోసి గంటసేపు ఉంచుతారు. నిలబడితే మూడు జిల్లాల బడుల్లో అన్నం పెట్టేది ఆ ప్లేట్లలోనే. పగిలితే ఫైల్ క్లోజ్.

"లాప్‌టాప్ పోయింది గద సార్. హెరాన్ పని అయిపోయినట్టేనా?"

"కాలే. ఫార్ములా బ్యాకప్ మనకాడ ఉన్నది. రాత్రికి రాత్రే మన ల్యాబ్‌ల చేసి చూసినం. వేడినీళ్ళు పోసిన మూడు నిమిషాలకే పగిలింది. నాగరాజు ఏదో ఒక స్టెప్ రాయలే. వాళ్ళు గూడ దానికోసమే వెతుకుతున్నరు."

తర్వాత అతను ఒక ఫోటో చూపించాడు. చనిపోయినవాడి కుడి మణికట్టు. దానికి ఒక తెల్లటి దారం, బిరుసుగా, సన్నటి తీగలా ఉంది. దానికి ఏడు ముళ్ళు.

"ఎగ్జిబిట్ నంబర్ ఏడు. మన క్రిప్టో సెక్షన్ దీన్ని కోడ్ అంటున్నది. ముడికి ముడికి మధ్య దూరాలు కొలుస్తున్నరు. నువ్వు యూనిట్‌ల మోటార్ మెకానిక్‌గ చేరు. అక్కడ మన మనిషి ఒకామె ఉన్నది, నవత. రెండేండ్ల నుంచి హెరాన్ లోపల ఉండి మనకు పనిచేస్తున్నది. అక్కడ ఆమె వేషం కన్సల్టెంట్. నీకు దొరికింది ఆమెకు చెప్పు, ఆమెకు దొరికింది నువ్వు విను."

ఈ ఒక్క వాక్యం ఎంత నష్టం చేయబోతుందో అప్పటికి శ్రీహరికీ తెలియదు, మోయిజ్‌కూ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం మోయిజ్ నూనె మరకల చొక్కాతో, భుజాన పానాల సంచితో యూనిట్‌లో అడుగుపెట్టాడు. చొక్కా బొత్తంలో కెమెరా, పెన్నులో రికార్డర్, చెప్పు మడమలో ట్రాకర్. ఏజెన్సీ ఇచ్చినవన్నీ తెచ్చుకున్నాడు పాపం. వాటిలో ఒక్కటీ పనికి రాలేదని ఇప్పుడే చెప్పేస్తే పీడా వదులుతుంది.

గేటు దగ్గర ఒక కారు ఆగి ఉంది. అందులోంచి నవత దిగింది. లేత ఆకుపచ్చ నార చీర, నల్ల గాగుల్స్, పొట్టి జుట్టు. నడుస్తుంటే పనివాళ్ళు కట్టెల మోపులు దించడం మరిచిపోయి చూశారు.

"గోదారి ఎంత లోతున్నది?" అన్నాడు మోయిజ్, బోల్టు బిగిస్తూ.

"మోకాళ్ళ దాక" అంది నవత, ఫోన్ చూసుకుంటూ.

కోడ్ కలిసింది. అంతే, ఇద్దరూ పార్ట్‌నర్లు.

యూనిట్ వెనక చిన్న గది ఒకటి ఉంది. అందులోంచి పుల్లటి వాసన వస్తుంటుంది. అక్కడ నాగరాజు తల్లి శంకరవ్వ కూర్చుని, కర్రల పొయ్యి మీద గంజి కాస్తోంది. కొడుకు పోయి మూడు రోజులే. కళ్ళు వాచి ఉన్నాయి. చేతులు మాత్రం ఆగడం లేదు.

"దినాలన్న కానియ్యకుండ పనికి వచ్చినవా అవ్వా?" అన్నాడు మోయిజ్ ఉండబట్టలేక.

"అందరు గట్లనే తిడుతున్నరు బిడ్డా. నేను పదకొండు దినాలు ఆగుత, గంజి ఆగుతదా? పొద్దుమాపు దానికి తిండి పెట్టకుంటే చస్తది. కొడుకైతే పాయె. వాడు పెట్టుకున్న పని గూడ పోనియ్యాల్నా?"

అని, అతని చేతిలోని పానా వైపు చూస్తూ అడిగింది.

"నీకు పోలీసోళ్ళు ఎవలన్న ఎరుకనా? నా కొడుకు చేతికి ఒక పోగు ఉండె. పీనుగును ఇచ్చిన్రు గని అది ఇయ్యలే. ఎన్నిమాట్ల అడిగినా చూస్తం చూస్తం అంటున్నరు. జర అడుగు బిడ్డా."

మోయిజ్ పానా కింద పెట్టాడు. ఆ పోగు ఎక్కడ ఉందో అతనికి తెలుసు. మెకానిక్‌కు తెలియకూడదు కాబట్టి, "అడుగుత అవ్వా" అని మాత్రం అన్నాడు. అబద్ధం చెప్పడం అతని ఉద్యోగం. అయినా ఆ రోజు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున అసలు సంగతి దొరికింది. దానికి గ్యాడ్జెట్లు అక్కర్లేకపోయాయి. మిక్సర్ మోటారు బాగుచేస్తూ గంజి గదిలో కూర్చుంటే కళ్ళ ముందే కనబడింది. శంకరవ్వ మూలన ఉన్న నల్ల కుండ మూతిగుడ్డ విప్పింది. లోపల తెల్లటి గంజి నురగ కట్టి, బుడబుడమంటోంది. ఆమె చూపుడువేలు కడుక్కుని, ముంచి, నాలుకకు తాకించుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు ఆగింది. తర్వాత బొటనవేలితో రుద్ది జిగురు చూసింది. అప్పుడు ఆ కుండలోంచి రెండు గరిటెలు తీసి కొత్త గంజిలో కలిపి, కొత్త గంజి కొంచెం మళ్ళీ కుండలో పోసింది.

"అదేందవ్వా?"

"పాత గంజి. మా అత్త పెట్టిన కుండ. మగ్గం ఎక్కే పడుగు పోగులకు గంజి పెట్టేటప్పుడు నిన్నటి గంజి ఇయ్యాల్టి దాంట్ల కలుపుతం. అట్లయితెనే తడి తగిలినా పోగుకు పట్టిన గంజి ఊడది. నలభై ఏండ్ల సంది గిదే గంజి నడుస్తున్నది. ఇప్పుడు మగ్గాలోళ్ళంత పౌడర్ కలుపుతున్నరు. కుండ మా ఇంట్లనే మిగిలింది."

"నాగరాజు రాసిన కాగితాల్ల ఇది లేదంటున్నరు ఆఫీసుల."

శంకరవ్వ అతన్ని పిచ్చివాడిని చూసినట్టు చూసింది.

"రాసెతందుకేమున్నది? అన్నం వండెటోడు గిన్నెల నీళ్ళు పోసిన అని రాస్తడా?"

అదీ సంగతి. ఒక రింగ్ సముద్రాలు దాటి వచ్చి, హత్య చేసి, లాప్‌టాప్ ఎత్తుకుపోయి, పెద్ద పెద్ద సైంటిస్టులతో తల బద్దలు కొట్టుకుంటున్న స్టెప్ ఇదే. నేతోళ్ళ ఇంట్లో పుట్టినవాడికి అది స్టెప్ అని తోచనే లేదు. గంజి అంటే పాత గంజి కలిపిందే అనుకున్నాడు. ఆ పొరపాటు నేతోళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. అతను రాయలేదు కాబట్టే ప్లేటు ఇంకా బతికి ఉంది.

ఆ సాయంత్రం గోదావరి ఒడ్డున మోయిజ్ నవతకు అంతా చెప్పాడు. ఆర్డర్ అదే కదా. కుండ గురించి, వేలితో రుచి చూడడం గురించి, ఆ పులుపు అవ్వ నాలుకకు తప్ప ఎవరికీ తెలియదని కూడా చెప్పాడు.

"గ్రేట్ వర్క్" అంది నవత. మరునాడు గంజి గదికి వెళ్ళి శంకరవ్వ కాళ్ళకు మొక్కింది. అవ్వా అవ్వా అంటూ పక్కన కూర్చుని, రుచి చూస్తుంటే ఫోటో తీసుకుంది. "ఎంత మంచి పిల్ల" అని శంకరవ్వ మురిసిపోయింది.

శనివారం తెల్లవారింది. ఆరు గంటలు. మోయిజ్ గంజి గదిలోకి వచ్చేసరికి శంకరవ్వ వేలు కడుక్కుంటోంది. కుండ మూతిగుడ్డ విప్పి ఉంది.

ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. తర్వాత తెలిసింది: కుండ చప్పుడు చేయడం లేదు. రోజూ బుడబుడలాడే గంజి నీళ్ళలా పడి ఉంది. అతను కిందికి చూశాడు. కుండ అంచున ఒలికిన గంజి చుక్క కోసం రోజూ ఒక చీమలబారు వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. వచ్చిన చీమలన్నీ వరుసలోనే చచ్చిపడి ఉన్నాయి.

శంకరవ్వ వేలు గంజిలో మునిగి పైకి లేచింది. నోటి దాకా వచ్చింది.

మోయిజ్ దూకి ఆ చేయి మీద కొట్టాడు.

"ఏం పుట్టిందిరా నీకు!" అని ఆమె అరిచింది.

"విషం అవ్వా! చీమలను చూడు!" అతను ఆమె చేతిని బకెట్ నీళ్ళలో ముంచి పిచ్చిపట్టినట్టు కడిగాడు. గోరు సందులు కూడా వదలలేదు.

అప్పుడు ఒక్కో బోల్టూ బిగుసుకుంటూ వచ్చింది. ఆమె వేలితో రుచి చూస్తుందని తెలిసింది ముగ్గురికే. నాగరాజు చచ్చిపోయాడు. రెండోవాడు తాను. మూడో మనిషి ఫోటో తీసుకుంది. విషం ప్లేట్ల కోసం కాదు, ఈ ముసలామె నాలుక కోసం. కుండలోంచి కొంచెం గంజి తీసుకుని, మిగిలిన దాన్నీ దాన్ని పోల్చగలిగిన మనిషినీ ఒకేసారి ముగించాలని.

"నేనే చెప్పిన" అన్నాడు మోయిజ్, ఎవరితోనో తెలియకుండా. "నేనే చెప్పిన."

నవత చేతి గడియారంలో ఏజెన్సీ పెట్టిన ట్రాకర్ ఆమె గెస్ట్‌హౌస్‌లో ఉన్నట్టు చూపించింది. వెళ్ళి చూస్తే బాత్రూంలో ఆమె చేతి గడియారం, చక్కగా మడిచిన ఆకుపచ్చ చీర. మనిషి లేదు. ఎదురుగా ఆటో స్టాండ్‌లో అంతయ్య అనే డ్రైవర్ పళ్ళు తోముకుంటున్నాడు.

"గాగుల్స్ మేడమా? ఇయ్యాల గాగుల్స్ లేవు. కూలోళ్ళ లెక్క తలకు రుమాలు కట్టుకొని మా వానితోని మంచిర్యాల టేషన్‌కు పోయింది. అరగంట అయితది. నాటకం గిట్ల ఏస్తున్నదా ఏంది?"

ఏజెన్సీ కోట్లు పోసి శాటిలైట్లు పెట్టుకుంటుంది. ఆటో స్టాండ్ ఉన్నచోట అదంతా దండగ.

మోయిజ్ బైకు మీద మంచిర్యాల చేరేసరికి రైలు వస్తోందని మైకులో చెప్తున్నారు. ప్లాట్‌ఫాం నిండా పత్తి ఏరడానికి పోయే కూలీ ఆడవాళ్ళు. అందరికీ తలకు రుమాళ్ళు, అందరి చేతుల్లో సద్ది డబ్బాలు. ఎవరని వెతకాలి? అతను ముఖాలు చూడడం మానేసి చేతులు చూడడం మొదలుపెట్టాడు. ఒకామె డబ్బా ఊపుతోంది. ఒకామె చంకలో పెట్టుకుంది. ఇంకొకామె దాని మీదే కూర్చుంది. చివరన ఒకామె మాత్రం డబ్బాను రెండు చేతులతో, ఒలక్కుండా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది. సద్దిని ఎవరూ అలా పట్టుకోరు.

"నవతా."

ఆమె తిరిగింది. భయపడలేదు.

"అవ్వ బతికిందా?" అంది.

"బతికింది."

"అయితే నీకు ప్రమోషన్." ఆమె ప్లాట్‌ఫాం అంచుకు ఒక అడుగు వేసింది. దూరంగా ఇంజన్ కనబడింది. "చూడు మోయిజ్, నాగరాజును నేను చంపలే. ఎన్ని గంటలకు బయలెల్లుతడో చెప్పిన. అంతే."

"ఆ టైమ్ నీకెట్ల తెలుసు?"

"శ్రీహరి సారే చెప్పిండు. రక్షణ చూడుమన్నడు." ఆమె నవ్వింది. డబ్బా మూత తిప్పుతూనే ఉంది.

మోయిజ్ దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఒక్క సెకను ఆలస్యం. తెల్లటి గంజి పట్టాల మీద చిమ్మింది. దాని మీదుగా రైలు వచ్చి ఆగింది. రైల్వే పోలీసులు బేడీలు వేస్తుంటే నవత తల తిప్పి, "గోదారి ఎంత లోతున్నది?" అంది.

"మునిగేంత" అన్నాడు మోయిజ్.

దొంగ దొరికింది. గంజి పోయింది. టెస్ట్‌కు ఇంకా రెండు రోజులే.

అతను తిరిగి వచ్చేసరికి శంకరవ్వ కడిగి బోర్లించిన కుండ పక్కన కూర్చుని ఉంది. కొడుకు పోయినప్పటి ముఖమే మళ్ళీ పెట్టుకుంది. మోయిజ్ ఆమె ఎదుట నేల మీద కూర్చుని, తాను మెకానిక్‌ను కాదని చెప్పాడు. చెప్పకూడదు. రూల్ ఉంది. రూల్ ఎవరికి కావాలి?

"పోలీసోనివా?"

"గసొంటోన్నే అవ్వా. ఆ పిల్లకు కుండ సంగతి చెప్పింది నేనే. తెల్వక చెప్పిన. కొత్తగ పులియవెడితే కాదా?"

"పులుస్తది. గని గీ గంజి కాదు. అది కుదిరెతందుకు ఏండ్లు పడుతది." ఆమె ఒక్కసారి తలెత్తింది. "పోలీసోనివైతే నా కొడుకు పోగు నీ కాడనే ఉన్నదా?"

"హైదరాబాద్‌ల ఉన్నది. అది కోడ్ అని, ఏడు ముళ్ళకు ఏదో అర్థం ఉన్నదని చూస్తున్నరు."

"అర్థమా?" అంది శంకరవ్వ. "మొదలు ఏడుమాట్ల ప్లేటు పగిలింది. పగిలినప్పుడల్ల ఒక ముడి ఏసుకున్నడు. ఎనిమిదోసారికి నిలబడ్డది. గంతే." తర్వాత ఆమె మోయిజ్ చొక్కా పట్టుకుంది. "కొత్త పడుగు ఎక్కించిన్నాడు, గంజి పెట్టిన పోగు ఒకటి తెంపి కొడుకు చేతికి కట్టుడు మా ఇంట్ల అలవాటు. ఆ పోగుకు పట్టింది గీ కుండల గంజే. ఎండినంత మాత్రాన సావది. తెచ్చియ్యి బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత."

మోయిజ్ బయటికి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"మర్డర్ ఎవిడెన్స్ అది" అన్నాడు శ్రీహరి. "ఇచ్చేది కాదు. ఇప్పటికే సగం కెమికల్‌ల ముంచిన్రు."

"మిగతా సగం పంపుండ్రి సార్."

"ప్రొసీజర్ ఉన్నది మోయిజ్."

"నాగరాజు బయలెల్లే టైమ్ నవతకు ఎవరు చెప్పిన్రు సార్?"

అవతల ఫైల్ మూసిన చప్పుడు వినబడింది. తర్వాత శ్రీహరి గొంతు వచ్చింది. అది చీఫ్ గొంతులా లేదు.

"బండి పంపుతున్న."

సాయంత్రానికి కారు వచ్చింది. సీలు వేసిన కవరు మీద "ఎగ్జిబిట్ నం. 7 (భాగం)" అని ఉంది. లోపల చిటికెన వేలంత దారం, మూడు ముళ్ళు. శంకరవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని, కొడుకు తలను తాకినట్టు తాకింది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, చేతులు కడుక్కుని గోరువెచ్చని గంజినీళ్ళలో ఆ దారం వేసింది.

ఆదివారం పొద్దున బుడగ రాలేదు. మధ్యాహ్నం రాలేదు. సాయంత్రం ఆరింటికి దారం పక్కన ఆవగింజంత బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకొకటి లేచింది. శంకరవ్వ రాత్రంతా కూర్చుని దానికి తిండి పెట్టింది. లోటా నుంచి గిన్నెకు, గిన్నె నుంచి కొత్త కుండకు మార్చింది.

సోమవారం తెల్లవారు అయిదు. కుండ బుడబుడమంటోంది. శంకరవ్వ వేలు కడుక్కుంది. ముంచబోతుండగా మోయిజ్ అడ్డం వచ్చి, చెంచాతో తీసుకుని తాను ముందు నోట్లో వేసుకున్నాడు.

"ఎందుకురా?"

"ఇగ నుంచి నేను చూసినంకనే నువ్వు చూడాలె."

"చెంచతోని చూస్తే ఏం తెలుస్తది?" అని ఆమె కసిరింది. అతను చావలేదని కాసేపు చూసి, తన వేలు నాలుకకు తాకించుకుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"మా అత్త గంజే" అంది. "నా కొడుకుదే."

పదకొండు గంటలకు ఆఫీసర్లు ఆ గంజితో ఒత్తిన ప్లేటులో మసిలే పప్పుచారు పోశారు. పావుగంటకు మోయిజ్ గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. అరగంటకు ప్లేటు అంచు కొంచెం చెమర్చింది. యాభై అయిదో నిమిషాన అడుగున సన్నటి గీత కనిపిస్తే అందరూ వంగి చూశారు. అది పగులు కాదు, కట్టె పీచు. గంట అయ్యాక ఆఫీసర్ ప్లేటు ఎత్తి పట్టుకున్నాడు. కింద చుక్క పడలేదు. శంకరవ్వ చప్పట్లు కొట్టలేదు, నవ్వలేదు. కొంగులోంచి ఆ మూడు ముళ్ళ దారం తీసి, మోయిజ్ చేయి లాగి, అతని మణికట్టుకు కట్టింది. అతను వద్దనలేదు.

మధ్యాహ్నం మోయిజ్ ఫోన్‌కు హైదరాబాద్ నుంచి అర్జెంట్ అని ఒక ఫైల్ వచ్చింది. క్రిప్టో సెక్షన్ ఫైనల్ రిపోర్ట్, పందొమ్మిది పేజీలు. దారం పొడవు, ముళ్ళ మధ్య దూరాలు, పదకొండు భాషల్లో పోలికలు, మూడు గ్రాఫులు. చివరి పేజీలో ఎర్ర ముద్ర కింద ఒకే వాక్యం ఉంది: ‘ఎగ్జిబిట్ ఏడులో ఎటువంటి సమాచారమూ లేదు.’